గుట్ట మీది నుంచి చెరువు: హనుమకొండ నుంచి పాకాల దాకా నాలుగు రోజులు

మొదటి రోజు: పద్మాక్షి గుట్ట

ఓరుగల్లు పరిసరాల్లో పుట్టి పెరిగినవాళ్లకు చెరువు అంటే కట్ట మీది నుంచి కనిపించేదే. బతుకమ్మను సాగనంపినా, ఆదివారం పూట పిల్లలను వెంటబెట్టుకొని షికారుకు వెళ్లినా, చేపలవాళ్లతో బేరమాడినా మనం నిలబడేది కట్ట మీదనే. నీళ్లకు ఆవల నీలంగా కనిపించే గుట్టలు చూపులకు ఇంపుగా ఉన్నాయని అనుకుంటామే తప్ప, అవి లేకపోతే ఆ చెరువే లేదన్న సంగతి మనకు తోచదు. యాభై మూడేళ్లు వచ్చేదాకా నాకూ తోచలేదు. నిరుటి మార్గశిరంలో నాలుగు రోజులపాటు చెరువుల పక్కనున్న గుట్టలను వెతుక్కుంటూ, ఎక్కుతూ దిగుతూ నడిచినప్పుడు ఆ సంగతి కాళ్ల ద్వారా తలకెక్కింది.

నడిచినవాళ్లము ముగ్గురము. ఒకరు మా బావ, అంటే మా అక్క భర్త. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, వానాకాలమంతా ఏదో ఒక చెరువు కట్ట మీద టార్చిలైటు పట్టుకొని తిరిగిన మనిషి. రెండోది మా అన్న బిడ్డ. సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నది, ప్రతి విషయానికీ లెక్క అడుగుతుంది. నేను బ్యాంకులో కూర్చొని పనిచేసేవాణ్ణి కాబట్టి, ఈ యాత్రకు ముందు రెండు నెలలు ఆదివారాల్లో దేవునూరు వైపున్న ఇనుపరాతి గుట్టల్లో నడిచి మోకాళ్లకు అలవాటు చేయవలసి వచ్చింది.

మొదటి రోజును ఊళ్లోనే గడపాలన్నది బావ పట్టుదల. "ఇంట్ల ఉన్న గుట్ట ఎక్కకుండ అడవిల గుట్ట ఎందుకు బామ్మర్దీ?" అన్నాడు. తెల్లవారుజామున పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గర చేరాము. మెట్ల మొదట్లో నాలుగు ముఖాల నల్లరాతి స్తంభం ఒకటి నిలిచి ఉంటుంది. దాని మీద జైన మూర్తులు, శాసనం చెక్కి ఉన్నాయి. కాకతీయ రాజు రెండవ ప్రోలరాజు కాలంలో, 1117లో, ఆయన మంత్రి బేతన భార్య మైలమ ఈ గుట్ట మీద కడలాలయ బసది అనే జైన ఆలయాన్ని కట్టించిందని ఆ శాసనం చెబుతుంది. ఏటా బతుకమ్మ నాడు వేలమంది ఆడవాళ్లు ఈ స్తంభం పక్క నుంచే గుండానికి వెళతారు. మా అన్న బిడ్డ కూడా చిన్నప్పటి నుంచి వెళుతూనే ఉన్నది కానీ, దాన్ని ఆగి చూడడం అదే మొదలు.

పైన బండ మీద నిలబడితే హనుమకొండ ఎందుకు ఇక్కడ పుట్టిందో తెలుస్తుంది. గుండ్రంగా అరిగిన రాతి గుట్టలు ఊరి మధ్యలో ఒకదాని వెనుక ఒకటి లేచి ఉంటాయి; వాటి మధ్యనున్న పల్లంలో భద్రకాళి చెరువు, దాని ఒడ్డున అమ్మవారి గుడి, దూరంగా ఓరుగల్లు కోటలోని ఒంటి కొండ. ఏకశిలానగరమన్న పేరు పుస్తకాల్లో చదివితే పొగడ్తలా ఉంటుంది. ఇక్కడి నుంచి చూస్తే అది ఉన్న మాటే. ఈ బండల మీద పడిన వాన ఇంకదు, జారుతుంది. జారిన నీళ్లు ఎక్కడ ఆగుతాయో అక్కడ ఒక కట్ట వేసి, అది నిండితే మత్తడి దూకి పోయే నీళ్లకు దిగువన ఇంకొక కట్ట వేసి, గొలుసుకట్టుగా చెరువులను పేర్చిన తెలివికి ఈ నున్నటి బండలే మొదటి కారణం. ఇప్పుడు ఆ పల్లాల్లో సగం ఇళ్లు వెలిశాయి. వానాకాలంలో ఆ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయన్న వార్త చదివినప్పుడల్లా బావ పత్రిక మడిచి పక్కన పెడతాడు. ఆ రోజు కూడా కిందికి చూపించి ఏదో అనబోయి ఊరుకున్నాడు. సాయంత్రం భద్రకాళి కట్ట మీద ఒక గంట నడిచి, త్వరగా ఇల్లు చేరి పడుకున్నాము.

రెండో రోజు: పాండవుల గుట్టలు

గూడెప్పాడ్ చౌరస్తాలో ములుగు రోడ్డును విడిచి ఎడమకు తిరిగి, పరకాల మీదుగా రేగొండ చేరేసరికి మంచు ఇంకా విడవలేదు. రోడ్డుకు రెండు పక్కలా రెండోసారి ఏరడానికి మిగిలిన పత్తి, వరి కోసిన మడులు, యాసంగి కోసం అప్పుడే చల్లిన నారుమళ్లు. తిరుమలగిరి దగ్గర కారు ఆపి, మాకు దారి చూపడానికి ఒప్పుకున్న ఆ ఊరి యువకుణ్ణి కలుసుకున్నాము. అతను మమ్మల్ని చూసి మొదట అడిగిన ప్రశ్న, "అత్తరు గిత్తరు ఎవరన్న కొట్టుకున్నరా సారూ?" అని. ఎందుకని అడిగితే తలెత్తి చూపించాడు. నిటారుగా నిలిచిన రాతిగోడకు, మనిషి అందని ఎత్తున, చాటలంత తేనెపట్లు నల్లగా వేలాడుతున్నాయి. మా బిడ్డ ముఖం వాడిపోయింది. బావ తన తువ్వాలను నీళ్లలో తడిపి ఆమె మెడకు, చేతులకు బాగా తుడిపించిన తర్వాతే అతను ముందుకు నడిచాడు.

పాండవుల గుట్టలు ఒక్క గుట్ట కాదు. ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి మళ్లీ కలిసే బాటలతో, సందులతో, అడ్డుగోడలతో అదొక ఊరిలా ఉంటుంది. ఆ ఊరి వాడలకు పేర్లు కూడా ఉన్నాయి. ఎదురు పాండవులు, మేకల బండ, ముంగిస బండ, గొంతెమ్మ గుట్ట. గొంతెమ్మ అంటే కుంతీదేవి. తీరని కోరికలను గొంతెమ్మ కోరికలనే మనకు ఆమె పేరిట ఒక గుట్ట ఉండడం, దాన్ని ఎక్కడానికి మా వయసువాళ్లు కోరుకోవడం రెండూ సరిగ్గా సరిపోయాయని బావ నవ్వాడు.

నిన్నటి హనుమకొండ బండలకూ ఈ రాళ్లకూ పోలిక లేదు. ఇది ఇసుకరాయి. పొరమీద పొర దొంతి పేర్చినట్టు, ఒక్కొక్క పొర ఒక్కొక్క రంగులో, ఒకటి తేనె రంగు అయితే దాని పైది ఎండిన మందారం రంగు. హనుమకొండ బండ వానను జార్చేస్తుంది. ఈ రాయి వానను తనలోకి రానిస్తుంది. నీళ్లు పగుళ్లలోకి దిగి, మెత్తటి పొరను తొలిచి, గట్టి పొరను చూరులా వదిలేస్తాయి. అలా ఏర్పడిన చూర్ల కిందనే ఆదిమానవులు తలదాచుకున్నారు. 1990లో వెలుగులోకి వచ్చిన ఈ తావుల్లో మధ్యరాతియుగం నుంచి మధ్యయుగాల దాకా గీసిన బొమ్మలు ఉన్నాయి. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో అడవిదున్న, జింక, పులి, చిరుత, విల్లంబులు, స్వస్తిక గుర్తు. కొన్ని చోట్ల ఒక బొమ్మ మీద వేరే కాలంవాళ్లు ఇంకొక బొమ్మ గీశారు. మొన్న మొన్నటివాళ్లు వాటి పక్కన తమ పేర్లు, ప్రేమించిన అమ్మాయి పేరు పెయింటుతో రాశారు. ఆదిమానవుడు కూడా గోడ మీదనే గీశాడు కదా అని ఎవరైనా వాదించవచ్చు. అతను తన పేరు రాసుకోలేదన్నదే నా జవాబు.

మధ్యాహ్నానికి ఒక సొరికెలోకి ప్రవేశించాము. రెండు గోడల నడుమ భుజాలు పట్టనంత సందు. పక్కకు తిరిగి, సంచి తలమీద పెట్టుకొని, ఊపిరి బిగబట్టి జరగాలి. లోపల చల్లగా, గబ్బిలాల కంపుతో, పైన నూలుపోగంత ఆకాశంతో ఉన్నది. నేను సగం దూరంలో ఇరుక్కొని ఒక నిమిషం పాటు ముందుకూ వెనక్కూ కదలలేక నిలిచిపోయానని రాయడానికి సిగ్గుపడుతున్నాను. ఆ నిమిషంలో ముఖానికి జానెడు దూరంలో ఉన్న రాతిలో నీటి అలల ముద్రలు చూశాను. వాగు అడుగున ఇసుక మీద పడే చారలే, అవే రాయిగా మారి ఉన్నాయి. ఈ గుట్టంతా ఎన్నో కోట్ల ఏళ్ల కింద నీళ్ల అడుగున ఉన్న ఇసుక అని పుస్తకం చదివితే తల ఊపుతాము. ఆ చారలకు ముక్కు ఆనించి నిలబడితే ఇంకొకలా ఉంటుంది.

సందు దాటి పైకి వస్తుండగా బావ కుడి బూటు అడుగు మొత్తం ఊడి చేతికి వచ్చింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు కొన్న బూట్లట. పదేళ్లు అటక మీద దాచిన జిగురు ఎండకు, రాతికి ఓర్చుకోలేదు. తువ్వాల చించి కట్టుకొని, కుంటుతూనే గొంతెమ్మ గుట్ట పైకి వచ్చాడు. అక్కడ సద్దిమూట విప్పాము. అక్క చేసి ఇచ్చిన సర్వపిండి, పచ్చి ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కు. కింద మైదానమంతా పరిచినట్టు కనిపిస్తున్నది. నీటి పలకలు ఎన్ని ఉన్నాయో మా బిడ్డ వేలుతో చూపిస్తూ లెక్కపెట్టి ఏడు అన్నది. ఒక్కొక్కటీ ఒక గుట్ట పాదం దగ్గరనే ఉన్నది. "ఏడూ గుట్టల దగ్గర్నే ఎందుకున్నయ్ మామా?" అని ఆమె అడిగింది. బావ కాలి కట్టు సర్దుకుంటూ, "రేపు లక్నవరంల చెప్త. చెప్తె కాదు, చూస్తె తెలుస్తది," అన్నాడు.

తిరుగుదారిలో రేగొండలో టైరు చెప్పులు కొన్నాడు. మిగిలిన యాత్ర అంతా వాటితోనే నడిచాడు. జారుడు బండల మీద మా ఖరీదైన బూట్ల కంటే అవే బాగా పట్టాయని ఒప్పుకోక తప్పదు. పొద్దు వాలుతుండగా ఘన్‌పూర్‌లో ఆగి, మట్టికోట ఆవరణలో ఉన్న కోటగుళ్లను, ఊరి పక్కన గణపసముద్రం చెరువును చూశాము. ఇరవై రెండు గుడుల సముదాయం అది. పడినవి పడినట్టే కొన్ని, నిలబెట్టినవి కొన్ని. రామప్ప పేరుకు దగ్గరగా పుట్టిన పాపానికి ఘన్‌పూర్‌కు రావలసినంత మంది రారు. రాత్రికి వెంకటాపూర్ మండలంలో బావ పాత సహోద్యోగి ఇంట్లో పడుకున్నాము. వాళ్లిద్దరూ అర్ధరాత్రి దాకా చెరువు నీళ్లు వదిలే తూముల గురించి మాట్లాడుకున్నారు.

మూడో రోజు: రామప్ప, లక్నవరం

రామప్ప గుడి గురించి తెలుగులో ఇప్పటికే ఎందరో రాశారు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు రాసినవే ఒక గ్రంథమవుతాయి. కాబట్టి నల్లరాతి మదనికల గురించి, నీళ్లలో తేలే ఇటుకల గురించి నేను కొత్తగా చెప్పేది లేదు. ఒక్కటి మాత్రం చెబుతాను. గుడి చూసినవాళ్లలో చాలామంది అక్కడికి కిలోమీటరు దూరంలోనే ఉన్న చెరువు కట్ట దాకా వచ్చి, ఒక ఫోటో దిగి వెళ్లిపోతారు. కట్ట చివరనున్న గుట్ట మీదికి కాలిబాటన పావుగంట ఎక్కితే, గుడిని కట్టినవాళ్ల బుర్ర ఇంకొక వైపు నుంచి కనిపిస్తుంది. గుడి బరువును ఇసుక నింపిన పునాది మీద నిలిపినవాళ్లే, చెరువు బరువును గుట్టల మీద మోపారు.

ఉదయం ఏడింటికి ఆ గుట్ట మీద ఉన్నాము. చెరువు మీద మంచు పాలమీగడలా కదులుతున్నది. నీటికాకులు మొద్దుల మీద రెక్కలు చాపుకొని ఆరబెట్టుకుంటున్నాయి. దిగువన ఆయకట్టులో పచ్చటి నారుమళ్లు, ఎగువన నీళ్లు, ఆ రెండింటి మధ్య సన్నటి మట్టిగీత. మొదటిసారి చూసినప్పుడు ఆ గీత అంత సన్నగా ఉండడం చూసి నాకు భయం వేసింది. అంత నీటిని అంత మట్టి ఎలా ఆపుతున్నది? బావ కట్టను కాదు, దాని కొనలను చూపించాడు. రెండు కొనలూ గుట్టల్లోకి దూరి ఉన్నాయి.

లక్నవరం గోవిందరావుపేట మండలంలో ఉంది. అక్కడికి వచ్చే వాళ్లంతా వేలాడే వంతెన మీద నడవడానికి, పడవ ఎక్కడానికి వస్తారు. మేమూ వంతెన మీద నడిచాము, అది ఊగినప్పుడు నేను తాడు పట్టుకున్నాను. ఆ తర్వాత అటవీ సిబ్బంది అనుమతి తీసుకొని, వాళ్లు చూపిన మనిషి వెంట, జనం వెళ్లని వైపు గుట్ట ఎక్కడం మొదలుపెట్టాము. అడవిలో నడవాలంటే ముందుగా అడిగి, తోడు తీసుకొని వెళ్లడమే పద్ధతి. ఎలుగుబంట్లు ఉన్న చోట ధైర్యం ప్రదర్శించడం తెలివి కాదు. టేకు ఆకులు పండి రాలుతున్నాయి. ఒక్కొక్క ఆకు విస్తరంత, కాలు పడితే అప్పడంలా చప్పుడు. నల్లమద్ది, తునికి, ఇప్ప, అక్కడక్కడా వెదురు పొదలు. మాకు తోడుగా వచ్చిన పెద్దాయన ఇప్పచెట్టు కనిపించినప్పుడల్లా దాన్ని ముట్టుకొని వెళ్లాడు. ఎండాకాలం మొదట్లో ఈ చెట్ల కింద తెల్లవారకముందే పూలు ఏరుతారని, ఆ తర్వాత తునికాకు కోత మొదలవుతుందని, ఈ బాటలన్నీ అలా నడిచి నడిచి పడినవేనని చెప్పాడు. "మీరు చూడనీకి నడుస్తరు, మేము బతకనీకి నడుస్తం, బాట ఒక్కటే," అన్నాడాయన. ఆ మాటకు మాలో ఎవరికీ వెంటనే జవాబు దొరకలేదు.

గంటన్నర ఎక్కిన తర్వాత చెట్లు పలచబడి, ఒక పరుపుబండ వచ్చింది. లక్నవరం మొత్తం అక్కడి నుంచి కనిపించదు. ఎక్కడి నుంచీ మొత్తం కనిపించదనే అనుకుంటాను. అది ఒక పళ్లెంలా పరుచుకున్న చెరువు కాదు. చేతివేళ్లు చాపినట్టు నీళ్లు ఒక్కొక్క లోయలోకి ఒక్కొక్క వేలుగా దూరిపోయి, గుట్టల వెనుక మాయమై, ఇంకొక చోట తళుక్కుమంటాయి. మధ్యలో ద్వీపాలు, పదమూడని చెబుతారు, మాకు తొమ్మిదే కనిపించాయి.

"ఇప్పుడు చూడు బిడ్డా," అని బావ తన టైరు చెప్పులు విప్పి, బండ మీద కూర్చొని, గులకరాళ్లతో పాఠం మొదలుపెట్టాడు. గుట్టల లోపల కురిసిన వాన బయటికి పోవడానికి సన్నటి కనుమలను వెతుక్కుంటుంది. ఇక్కడ అలాంటి కనుమలు మూడు. కాకతీయుల కాలంవాళ్లు చేసిందల్లా ఆ మూడు కనుమలకు మూడు పొట్టి కట్టలు అడ్డం వేయడమే. మిగిలిన గోడ అంతా ముందు నుంచే ఉన్నది. నీళ్లు బయటికి పోలేక వెనక్కి జరిగి, లోయల్లోకి ఎక్కి, చిన్న చిన్న గుట్టలను చుట్టుముట్టాయి. మునగక మిగిలిన ఆ గుట్టల నెత్తులే మనం ద్వీపాలంటున్నవి. అంటే పడవలో వెళ్లి ద్వీపం మీద కాలు పెట్టినవాడు నిజానికి ఒక గుట్ట శిఖరం మీద నిలబడ్డాడన్నమాట, ఎక్కే శ్రమ లేకుండా.

మా బిడ్డ అక్కడ ఆగలేదు. మత్తడి ఎప్పుడూ కట్ట మధ్యలో కాకుండా కొసన, గుట్టకు ఆనించి ఎందుకు పెడతారని అడిగింది. చెరువు నిండినప్పుడు ఎక్కువైన నీళ్లు దూకే చోటు మట్టి అయితే రెండు వానల్లో కోసుకుపోతుంది, అందుకని రాయి తగిలే చోటు చూసి మత్తడి పెడతారు, రాయి తగిలేది గుట్ట పక్కనే కాబట్టి అది కొసకు పోతుందని బావ చెప్పాడు. గుట్ట చెరువుకు గోడ మాత్రమే కాదు, మత్తడికి పునాది కూడా. కట్టకు లోపలి వైపు పేర్చే రాయిని ఇచ్చేదీ గుట్టనే. నిన్న ఆమె అడిగిన ప్రశ్నకు, ఏడు నీటి పలకలూ గుట్టల దగ్గరనే ఎందుకు ఉన్నాయన్న దానికి, జవాబు ఇదే. ఆమె నోటుపుస్తకంలో రెండు పేజీలు బొమ్మలు గీసింది. నాలుగేళ్ల చదువులో ఇలాంటి బండ మీద కూర్చోబెట్టి ఒక్క పాఠమైనా చెప్పకపోవడం ఆ చదువుకే నష్టం.

దిగేటప్పుడు అవతలి పడవల మీది నుంచి సినిమా పాటల హోరు లోయంతా మోగుతూ వచ్చింది. పెద్దాయన చెవులు మూసుకోలేదు; అలవాటైనట్టు నడిచాడు. ఒక పికిలిపిట్ట మాత్రం మేము దాటే దాకా పొదలో ఏదో ఫిర్యాదు చేస్తూనే ఉన్నది.

నాలుగో రోజు: పాకాల

ములుగు, మల్లంపల్లి మీదుగా నర్సంపేటకు, అక్కడి నుంచి అశోక్‌నగర్ దాటి పాకాలకు వెళ్లే దారిలో, మనకు తెలియకుండానే ఒక పెద్ద గీత దాటుతాము. రామప్ప, లక్నవరం దిగువకు వదిలే నీళ్లు గోదావరికి చేరతాయి. పాకాల నుంచి బయలుదేరిన వాగు మున్నేరై, ఖమ్మం మీదుగా పోయి కృష్ణలో కలుస్తుంది. రోడ్డు మీద ఆ చోటు ఎక్కడో బోర్డు ఏమీ ఉండదు. బావ కారు ఆపించి, "ఇగో, అటు పోసిన చెంబు గోదారికి, ఇటు పోసింది కృష్ణకు," అని ఒక చోటు చూపించాడు కానీ, అది కచ్చితంగా అదే చోటని నేను హామీ ఇవ్వను. ఆయన టీ తాగాలనుకున్న చోట్లన్నీ అలాంటి ముఖ్యమైన చోట్లే అవుతాయి.

పాకాలను గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి కట్టించాడు. చుట్టూ ఉన్న అడవి 1952 నుంచి అభయారణ్యం. ఇక్కడ గుట్ట మీదికి వెళ్లే బాట పొడవైనది కాదు కానీ నిటారుగా ఉంటుంది. రాలిన ఆకుల కింద గులకరాళ్లు దొర్లి, నేను రెండుసార్లు కూర్చుండిపోయాను. పైన చెట్ల నడుమ దొరికిన ఖాళీలోంచి చూస్తే, మూడు రోజులుగా చూసిన చెరువులన్నీ దీనికి అభ్యాసాలేమో అనిపించింది. నీళ్లు అంతు కనిపించకుండా వెళ్లి, ఆవలి గుట్టల బూడిదరంగులో కలిసిపోయాయి. నాలుగు దిక్కుల్లో మూడింట అడవి గుట్టలే. చలికాలపు వలస పక్షులు దూరంగా నీటి మీద ఆవాలు చల్లినట్టున్నాయి. ఎక్కడా ఇల్లు లేదు, టవరు లేదు. మా ముగ్గురిలో ఎక్కువగా మాట్లాడే బావ కూడా చాలాసేపు మాట్లాడలేదు.

లెక్క మొదలుపెట్టింది మా బిడ్డనే. బ్రిటిష్ కాలం నాటి ఇంపీరియల్ గెజిటీర్‌లో పాకాల కట్ట పొడవు 2000 గజాలని, చెరువు విస్తీర్ణం దాదాపు 13 చదరపు మైళ్లని ఉన్నట్టు నేను చెప్పాను. ఆమె ఫోను తీసింది. 13 చదరపు మైళ్లంటే ఇంచుమించు 34 చదరపు కిలోమీటర్లు. చెరువు గీసినట్టు గుండ్రంగా ఉన్నదనుకున్నా దాని ఒడ్డు పొడవు 20 కిలోమీటర్లకు తగ్గదు. వంకరలు తిరిగిన నిజమైన ఒడ్డు అంతకన్నా ఎంతో ఎక్కువ. 2000 గజాలు రెండు కిలోమీటర్లకు కూడా తక్కువే. "అంటే చిన్నబాపూ, పదో వంతు కూడ మనుషులు కట్టలే. తొమ్మిది వంతులు గుట్టలే!" అన్నది. ఆ పదో వంతు ఎక్కడ వేయాలో కనిపెట్టడానికి ఎవరో ఒకరు, ఎనిమిది వందల ఏళ్ల కింద, బహుశా టైరు చెప్పులు కూడా లేకుండా, ఈ గుట్టలన్నీ ఎక్కి తిరిగి ఉండాలి. కట్ట మీద నిలబడి కట్ట ఎక్కడ వేయాలో తేల్చలేరు కదా. అప్పటికి కట్టే లేదు. వాళ్లు మొదట చూసిన చెరువు, నీళ్లు లేని చెరువు, ఇక్కడి నుంచి చూసినదే.

గుట్ట దిగి కట్ట మీదికి వచ్చేసరికి మూడు దాటింది. నీళ్ల దగ్గరికి దిగవద్దని, మొసళ్లు ఉంటాయని అక్కడి కాపలాదారు ముందే హెచ్చరించాడు కాబట్టి పైనుంచే చూశాము. ఇక్కడ బావ పాత ఉద్యోగంలోకి వెళ్లిపోయాడు. కట్ట వెలుపలి వాలు వెంబడి చూపు దించుకొని నడుస్తూ, తడి కనిపించినా, ఎలుక బొరియ కనిపించినా ఆగి చూశాడు. మట్టికట్టకు వరద ఎంత శత్రువో బుంగ కూడా అంతే శత్రువట. ఎలుక చేసిన కన్నంలోంచో, చచ్చిన చెట్టు వేరు కుళ్లిన దారిలోంచో చెంబెడు నీళ్లు వెలుపలికి వస్తాయి. ఆ నీళ్లతో మట్టి రేణువులు కొన్ని వస్తాయి. తెల్లవారేసరికి ఆ కన్నంలో మనిషి పడతాడు, మర్నాటికి కట్ట పోతుంది. వచ్చే నీళ్లు తేటగా ఉంటే ఇంకా వ్యవధి ఉన్నట్టు, బురదగా ఉంటే ఊరిని లేపవలసినట్టు. పూర్వం ప్రతి చెరువుకూ నీరటికాడు ఉండి ఈ పని చేసేవాడు. బావ తన ఉద్యోగం మొదలుపెట్టిన రోజుల్లో, ఒక చిన్న చెరువు మీద, కారుచీకట్లో, బుంగ చప్పుడును చెవితో విని కనిపెట్టిన ఒక ముసలి నీరటికాడి దగ్గర ఈ విద్య నేర్చుకున్నానని చెప్పాడు. ఇంజినీర్లు వచ్చేలోపు ఆ ముసలాయన గడ్డిమోపులు, ఇసుక బస్తాలు వేయించి కట్టను కాపాడాడట. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో తిరుగుతున్న మనిషి ఈ కథను మాకు ఇంతకుముందు ఎన్నడూ చెప్పలేదు.

మా బిడ్డకు మాత్రం గెజిటీర్ లెక్క మీద అనుమానం తీరలేదు. కొలిచి చూద్దామన్నది. టేపు లేదు. తన అడుగు ఎన్ని సెంటీమీటర్లో జానలతో తేల్చుకొని, కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు అడుగులు లెక్కపెడుతూ బయలుదేరింది. బావ వేరేగా తన లెక్క తాను మొదలుపెట్టాడు. నేను వెనుక నడిచాను. పొద్దు గుట్టల వెనక్కి జారుతుండగా నీళ్లు ముందు రాగి రంగుకు, తర్వాత ఇనుము రంగుకు తిరిగాయి. ఒక నెమలి ఎక్కడో అరిచింది. పన్నెండు వందల దగ్గర బావ ఒక తూము చూసి ఆగి, దాని గురించి ఏదో చెప్పబోయాడు. ఆమె చేయెత్తి ఆయనను ఆపబోయి, తన లెక్క తానే మరిచిపోయింది. "మామా, నీ వల్లనే పోయింది!" అని అరిచింది. నీ లెక్క ఎంత వచ్చిందని నేను బావను అడిగాను. ఆయన తూము రాయి మీద చెయ్యి వేసి, ఆయనా మరిచిపోయాడని ముఖం చూస్తేనే తెలిసింది.

కాపలాదారు ఈల వేశాడు, చీకటి పడుతున్నది బయటికి రమ్మని. మా బిడ్డ నిలబడిన చోట ఒక రాయి పెట్టి గుర్తు వేసుకొని, అక్కడి నుంచి ఆ కొస దాకా మిగిలినవైనా లెక్కపెడతానని, ఒకటి, రెండు, మూడు అనుకుంటూ నడక మొదలుపెట్టింది. బావ ఈసారి నోరు మూసుకొని ఆమె వెనుక నడిచాడు.